సీసా తిరిగొస్తుంది, సాచెట్ ఎందుకు రాదు?

ఏదైనా ప్లాస్టిక్ డబ్బాను తిరగేసి చూడండి. అడుగున మూడు బాణాల చిన్న త్రిభుజం, దాని మధ్యలో ఒక అంకె ఉంటాయి. అది కనిపించగానే 'ఇది రీసైకిల్ అవుతుందిలే' అనుకుని నిశ్చింతగా చెత్తబుట్టలో వేసేస్తాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ గుర్తు అసలు సంగతి వేరు. డబ్బాను ఏ రకం ప్లాస్టిక్‌తో చేశారో చెప్పడానికి 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం పెట్టిన కోడ్ అది. డబ్బా రీసైకిల్ అవుతుందా, దాన్ని కొనేవాళ్లు ఉన్నారా అన్నది ఆ అంకె చెప్పదు. జనం ఇలా పొరబడుతున్నారనే 2013లో ఆ ప్రమాణాన్ని సవరించి బాణాలు తీసేశారు, మామూలు త్రిభుజం పెట్టారు. నిజంగా రీసైకిల్ కాని వస్తువుల మీద బాణాలు ముద్రించకూడదని 2021లో కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేసింది. పాత బాణాలు మాత్రం లోకమంతా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

తికమక ఆ గుర్తుతో ఆగదు. రీసైక్లింగ్, రికవరీ, బయోడిగ్రేడబుల్, కంపోస్టబుల్ అన్న మాటలను వార్తల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ప్లాస్టిక్ కాలుష్యంపై ప్రపంచ ఒప్పందం చేసుకోవాలని 2022 మార్చిలో నైరోబీలో జరిగిన ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభ తీర్మానించింది. 2024 చివర్లో బుసాన్‌లో, 2025 ఆగస్టులో జెనీవాలో జరిగిన చర్చలు ఏదీ తేలకుండానే ముగిశాయి. తగాదా ఎక్కడుందో తెలియాలంటే ముందు ఒక సీసా, ఒక సాచెట్ వాడి పారేశాక ఏమవుతాయో చూడాలి.

## తయారైనదంతా ఎటు పోయింది?

1950లో ప్రపంచం మొత్తం ఏడాదికి తయారుచేసిన ప్లాస్టిక్ 20 లక్షల టన్నులు. 2015 నాటికి అది 38 కోట్ల టన్నులైంది. ఈ అరవై ఐదేళ్లలో తయారైనదంతా కలిపితే 830 కోట్ల టన్నులు అవుతుందని 2017లో అమెరికా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్తగా మారిపోయాయి. ఆ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతం, కాల్చేసింది 12 శాతం. మిగిలిన 79 శాతం డంపింగ్ యార్డుల్లోనో, నేల మీదో, నీళ్లలోనో ఉంది.

ఇది అరవై ఐదేళ్ల మొత్తం లెక్క. ఒక్క ఏడాదికి చూసినా బొమ్మ పెద్దగా మారదు. ఎక్కువగా ధనిక దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ లెక్కల ప్రకారం 2019లో వచ్చిన ప్లాస్టిక్ చెత్త 35.3 కోట్ల టన్నులు. అందులో చివరికి రీసైకిల్ అయింది మళ్లీ ఆ 9 శాతమే. సుమారు సగం పూడ్చివేతకు, 19 శాతం కాల్చే ప్లాంట్లకు వెళ్లింది. 22 శాతానికి దిక్కూ మొక్కూ లేదు: రోడ్డు పక్కన తగలబెట్టారు, ఖాళీ జాగాల్లో పోశారు, కాలవల్లో వదిలేశారు.

ఈ చెత్తలో సుమారు 40 శాతం ప్యాకేజింగే. వాడకంలో దాని వాటా మాత్రం 31 శాతం. ఈ తేడా ఎందుకంటే, గోడలో వేసిన ప్లాస్టిక్ పైపు ముప్పై ఏళ్లు ఉంటుంది, కారు బంపర్ పదేళ్లకు పైగా ఉంటుంది. ప్యాకెట్ ఆయుష్షు నెలలు, ఒక్కోసారి నిమిషాలు. ఈ ఏడాది తయారైన పైపు ఈ ఏడాది చెత్తలో కనిపించదు, ఈ ఏడాది తయారైన కవర్ దాదాపు మొత్తం కనిపిస్తుంది.

## నష్టం ఒకచోటే లేదు

ప్లాస్టిక్ నష్టం అనగానే ముక్కులో స్ట్రా ఇరుక్కున్న తాబేలు గుర్తొస్తుంది. అది నిజమే కానీ కథలో ఒక పేజీ మాత్రమే. మొదటి పేజీ చమురు బావి దగ్గర మొదలవుతుంది. ప్లాస్టిక్‌లో అత్యధిక భాగం చమురు, సహజవాయువుల నుంచి వస్తుంది. 2019లో ప్లాస్టిక్ వల్ల వెలువడిన గ్రీన్‌హౌస్ వాయువులు 180 కోట్ల టన్నులు, అంటే ప్రపంచ మొత్తంలో 3.4 శాతం. ఇందులో సుమారు 90 శాతం తయారీలోనే పుడుతుంది. ప్యాకెట్ మన చేతికి వచ్చేసరికే వాతావరణానికి జరగాల్సిన నష్టంలో చాలాభాగం జరిగిపోయిందన్నమాట.

రెండోది బహిరంగంగా తగలబెట్టడం. చెత్త ఎత్తే బండి రాని చోట మనిషి చేసేది ఇదే, అందుకు వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2020లో అదుపు తప్పి పర్యావరణంలోకి చేరిన ప్లాస్టిక్ సుమారు 5.2 కోట్ల టన్నులు. అందులో సగానికి పైగా ఇలా కాలిపోయిందే. మసి, ఘాటైన పొగ, పీవీసీ ఉంటే డయాక్సిన్ల లాంటి విషాలు. కాలిపోయిన ప్లాస్టిక్ ఒడ్డుకు కొట్టుకురాదు కాబట్టి ఫొటోల్లోకి రాదు. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో తక్కువగా మాట్లాడుకునే విషయం ఇదే.

ఇక సముద్రం. 2010 ఒక్క ఏడాదిలో 48 లక్షల నుంచి 1.27 కోట్ల టన్నుల ప్లాస్టిక్ తీరప్రాంతాల నుంచి సముద్రంలోకి చేరిందని 2015లో ఒక అధ్యయనం అంచనా వేసింది. మరోపక్క పసిఫిక్ మహాసముద్రంలో పేరుమోసిన చెత్త ప్రాంతంలో తేలుతున్నది సుమారు 79 వేల టన్నులేనని 2018లో లెక్క తేలింది. అందులో 46 శాతం చేపల వలలు. దాన్ని చాలామంది మనిషి నడవగలిగే ప్లాస్టిక్ దీవిలా ఊహించుకుంటారు. దగ్గరికెళితే అక్కడ కనిపించేది ఎక్కువగా నీళ్లే. ఏటా లక్షల టన్నులు చేరుతుంటే తేలేది ఇంత తక్కువెందుకు? చాలావరకు తీరాలకే మళ్లీ కొట్టుకొస్తుంది, కొంత అడుక్కు దిగుతుంది, కొంత ముక్కలు ముక్కలవుతుంది.

ఆ ముక్కలే మైక్రోప్లాస్టిక్. 5 మిల్లీమీటర్ల లోపు ప్లాస్టిక్ రేణువులకు ఈ మాట వాడతారు. 2004లో బ్రిటిష్ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన పరిశోధన పత్రంతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసుబారి విరుగుతుంది. విరిగినంత మాత్రాన మాయమైపోదు. చిన్నదవుతుంది, ఏరడానికి ఇంకా కష్టమవుతుంది.

## సీసా నీళ్ల తొట్టిలోకి దిగినప్పుడు

మొదట్లో చెప్పుకున్న త్రిభుజంలో ఉండే అంకెలు ఏడు. వాటిలో 1 పెట్, అంటే తాగునీటి సీసాల ప్లాస్టిక్. 2 హెచ్‌డీపీఈ, గట్టి డబ్బాలది. 3 పీవీసీ. 4 ఎల్‌డీపీఈ, పల్చటి కవర్లది. 5 పాలీప్రొపిలీన్. 6 పాలీస్టైరీన్, థర్మోకోల్ దీని రూపమే. వీటిలో ఇమడనివి, కలగాపులగమైనవి 7. వీటిలో గిట్టుబాటుగా, పెద్ద ఎత్తున తిరిగొచ్చేవి ప్రధానంగా మొదటి రెండూ, ఆ తర్వాత 5. మిగతావాటికి సాంకేతికత లేక కాదు. శుభ్రంగా, ఒకే రకంగా, సరిపడా దొరకవు. దొరికినా కొనేవాళ్లు ఉండరు.

ఇప్పుడు సీసా సంగతి. బయటికి ఒకే వస్తువులా కనిపించినా అందులో కనీసం మూడు ప్లాస్టిక్‌లు ఉంటాయి. ఒళ్లు పెట్, మూత పాలీప్రొపిలీన్ లేదా హెచ్‌డీపీఈ, లేబుల్ ఇంకొకటి. లేబుల్ కింద జిగురు. రీసైక్లింగ్ ప్లాంటులో సీసాలన్నిటినీ కలిపి వేలిగోరంత పెంకుల్లా నూరేస్తారు, వీటిని ఫ్లేక్స్ అంటారు. కాస్టిక్ సోడా కలిపిన వేడినీళ్లలో వాటిని గిలకొట్టి జిగురు, మురికి వదలగొడతారు. తర్వాత నీళ్ల తొట్టిలో పోస్తారు. నీటి సాంద్రత 1 అనుకుంటే పెట్‌ది సుమారు 1.38, అది మునుగుతుంది. మూతలది 0.9 నుంచి 0.95, అవి తేలుతాయి. పైనున్నది గీరి ఒకవైపు, కిందున్నది తోడి మరోవైపు. యంత్రాలు ఎంత ఖరీదైనవైనా అసలు సూత్రం ఇంతే: మునిగేది, తేలేది.

ఇంత చక్కగా సాగే పనికి ఎక్కడ గండి పడుతుందంటే, సీసాకు తొడుగులా వేసే కొన్ని లేబుళ్ల దగ్గర. ఆ తొడుగు పీవీసీతో చేసిందైతే దాని సాంద్రత కూడా పెట్‌కు దగ్గరగానే ఉంటుంది. పెట్‌తోపాటు అదీ మునుగుతుంది, తొట్టి దాన్ని పట్టుకోలేదు. పెట్ కరగడానికి సుమారు 250 డిగ్రీలకు పైగా వేడి కావాలి. ఆ వేడికి పీవీసీ మాడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లం పెట్ అణువుల పొడవాటి గొలుసులను తెంపుతుంది, సరుకు పసుపురంగుకు తిరుగుతుంది, నల్లటి మచ్చలు పడతాయి. పది లక్షల ఫ్లేక్స్‌లో కొన్ని పదుల పీవీసీ ముక్కలున్నా సరుకు గ్రేడు పడిపోతుంది. సీసా రూపొందించిన మనిషి ఎక్కడో ఆఫీసులో కూర్చుని తొడుగు మెరుపు చూసి ఓకే చేసి ఉంటాడు, దాని ఖర్చు ఇంకెక్కడో తొట్టి దగ్గర నిలబడినవాడి మీద పడుతుంది.

రంగుదీ ఇదే కథ. రంగులేని సీసాకు ఏ రంగైనా వేయొచ్చు. ఆకుపచ్చ సీసా నుంచి రంగు తీసేయలేం, అందుకే రంగు సీసాల సరుకుకు గిరాకీ తక్కువ. 2022లో స్ప్రైట్ ఉత్తర అమెరికాలో తన పాత ఆకుపచ్చ సీసా వదిలి పారదర్శకమైన సీసాకు మారడం వెనక ఉన్నది ఇదే. నల్ల ట్రేలకైతే చిక్కు ఇంకా ముందే వస్తుంది. చెత్తను వేరుచేసే యంత్రాలు పరారుణ కాంతి పంపి, తిరిగొచ్చిన కాంతిని బట్టి ఏది ఏ ప్లాస్టికో గుర్తుపడతాయి. నల్లరంగు కోసం వాడే కార్బన్ బ్లాక్ ఆ కాంతిని మింగేస్తుంది. యంత్రం దృష్టిలో అక్కడ ట్రే లేనట్టే.

ఇవన్నీ దాటుకుని వచ్చిన పెట్ కూడా ప్రతిసారీ మళ్లీ సీసాగా మారదు. చాలాభాగం పాలిస్టర్ దారంగా, ప్యాకింగ్ పట్టీలుగా మారుతుంది. ఆ దారంతో నేసిన బట్ట మరోసారి సీసా కావడం అరుదు. ఇలా ఒక మెట్టు దిగే రీసైక్లింగ్‌ను డౌన్‌సైక్లింగ్ అంటారు. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. ఆ మాట కొంచెం ఎక్కువే. కొత్త పాలిస్టర్ తయారీకి వెళ్లాల్సిన చమురు ఆ మేరకు మిగులుతుంది కదా. కానీ దాన్ని 'సీసా నుంచి సీసా'తో సమానంగా లెక్కేయడమూ తప్పే.

## సాచెట్‌ను పొరలు పొరలుగా విప్పితే

షాంపూ సాచెట్‌ను చింపిన చోట అంచు పట్టుకుని జాగ్రత్తగా చూస్తే లోపల వెండిరంగు కనిపిస్తుంది. పైపొర పాలిస్టర్, అచ్చు చక్కగా పడుతుంది, తేలిగ్గా చిరగదు. మధ్యలో అల్యూమినియం రేకు, గాలినీ తేమనూ వెలుతురునూ ఆపుతుంది. లోపలిపొర పాలిఎథిలీన్, వేడి తగిలితే అంటుకుని సీలు పడుతుంది. మూడూ కలిసినా తల వెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. ఇంజినీరింగ్‌గా చూస్తే ఇదొక చిన్న అద్భుతం. ఇంత తక్కువ బరువుతో ఇంత రక్షణ గాజూ ఇవ్వలేదు, రేకు డబ్బా కూడా ఇవ్వలేదు.

తిరిగి రాబట్టే దగ్గర మాత్రం ఆ సుగుణాలే ఎదురుతిరుగుతాయి. పొరలను విడదీయడానికి ప్రత్యేక ద్రావకాలు కావాలి, ఖర్చెక్కువ. విడదీయకుండా కరిగిద్దామంటే పాలిఎథిలీన్ 110 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, పాలిస్టర్‌కు 250 కావాలి, అల్యూమినియం 660 దాకా చలించదు. కరిగిన రెండు ప్లాస్టిక్‌లూ నూనె, నీళ్లలా కలవవు. వచ్చిన ముద్ద పెళుసుగా ఉంటుంది.

దీనికంటే పెద్ద అడ్డంకి బరువు. ఉజ్జాయింపుగా ఒక సీసా 20 గ్రాములు, ఒక సాచెట్ 1 గ్రాము అనుకుందాం. పాత ప్లాస్టిక్‌ను కిలో లెక్కన కొంటారు. కిలో పెట్ కోసం 50 సార్లు వంగితే చాలు. కిలో సాచెట్ల కోసం 1,000 సార్లు వంగాలి. వంగినా, పొరలన్నీ అతుక్కున్న ఆ సరుకుకు వచ్చే రేటు సీసా రేటులో కాస్తంతే. చెత్త ఏరుకుని బతికేవాళ్లు సీసాను వదలకుండా తీసుకుని సాచెట్‌ను తొక్కుకుంటూ వెళ్లిపోవడానికి కారణం ఈ లెక్కే. పౌరస్పృహ గురించి ఎన్ని బోర్డులు పెట్టినా ఈ 1,000 మాత్రం తగ్గదు.

దీనికి పరిశ్రమ వెతుకుతున్న జవాబు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసే ప్యాకెట్. పాలిఎథిలీన్‌నే రకరకాలుగా సాగదీసి, పల్చటి పూత వేసి అల్యూమినియం పని చేయించడం. కొన్ని సరుకులకు ఇది పనిచేస్తోంది, తేమకు బాగా పాడయ్యే వాటికి ఇంకా చాలడం లేదు. రీసైకిల్ కాగలిగినా ఆ ప్యాకెట్ బరువు ఇంకా 1 గ్రామే అన్నది గుర్తుంచుకోవాలి.

## ఒకే ఊరు, నాలుగు రీసైక్లింగ్ రేట్లు

'మా దగ్గర ప్లాస్టిక్ ప్యాకేజింగ్ సగం రీసైకిల్ అవుతోంది' అని ఎవరైనా అంటే, ఎక్కడ కొలిచారని అడగాలి. ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాం. ఊరు 100 టన్నుల ప్లాస్టిక్ ప్యాకేజింగ్ పారేసింది. రీసైక్లింగ్ కోసమని వేరుగా సేకరించింది 50 టన్నులు. వేరుచేసే కేంద్రంలో పనికిరానివి 10 టన్నులు పోగా 40 మిగిలాయి. నూరి, కడిగి, లేబుళ్లు, జిగురు, మట్టి, తడి పోయాక చేతికి 30 టన్నుల గుళికలు వచ్చాయి. అందులో 10 టన్నులు మళ్లీ ప్యాకేజింగ్ అయ్యాయి, 20 టన్నులు దారంగానో పైపుగానో మారాయి.

ఈ ఊరి రీసైక్లింగ్ రేటు ఎంత? 50, 40, 30, 10 శాతం, ఏది చెప్పినా అబద్ధం కాదు. అందుకే యూరోపియన్ యూనియన్ 2020 సంవత్సరపు లెక్కల నుంచి నియమం బిగించింది: సేకరించినదంతా లెక్కలోకి రాదు, రీసైక్లింగ్ యంత్రంలోకి నిజంగా వెళ్లినదే లెక్క. ఈ కొత్త కొలతతోనే 2025కు 50 శాతం, 2030కి 55 శాతం లక్ష్యంగా పెట్టుకుంది.

పాత కొలతలో ఇంకో లొసుగు కూడా ఉండేది. ఓడల్లో వేరే దేశానికి పంపిన బేళ్లనూ రీసైకిల్ అయినట్టే రాసుకునేవారు. ఇలా దేశాలు దాటే ప్లాస్టిక్ చెత్తలో పెద్ద వాటా కొన్న చైనా 2018 నుంచి దాదాపు తలుపులు మూసేసింది. ఆ బేళ్లు ఆగ్నేయాసియా రేవులకు మళ్లాయి. దాంతో ప్రమాదకర చెత్తను దేశాలు దాటించడంపై ఉన్న బాసెల్ ఒప్పందాన్ని 2019లో సవరించారు. శుభ్రంగా లేని, కలగలిసిన ప్లాస్టిక్ చెత్తను దిగుమతి చేసుకునే దేశం ముందస్తు అనుమతి లేకుండా పంపకూడదన్న నియమం 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

## 'రికవరీ' అన్న మాటలో మంట కూడా ఉంది

రీసైక్లింగ్ అంటే పదార్థం తిరిగి పదార్థంగా రావడం. రికవరీ అంతకంటే పెద్ద గొడుగు. ప్లాస్టిక్‌ను కాల్చి ఆ వేడితో కరెంటు తీసినా, సిమెంటు బట్టీలో బొగ్గుకు బదులు వాడినా అది 'ఎనర్జీ రికవరీ'. ఒక నివేదికలో '70 శాతం రికవరీ' అని ఉంటే అందులో సగం పొగగొట్టం దారిలో వెళ్లి ఉండొచ్చు.

కాల్చడం గురించి లెక్క చేతిమీదే వేసుకోవచ్చు. పాలిఎథిలీన్ బరువులో సుమారు 86 శాతం కార్బనే. కిలో పాలిఎథిలీన్‌లో 860 గ్రాములు. పూర్తిగా కాలితే ప్రతి 12 గ్రాముల కార్బన్‌కు 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే కిలో కవర్లకు సుమారు 3.1 కిలోలు. అదే కిలో పూడ్చివేతలో పడి ఉంటే ఆ కార్బన్ చాలాకాలం అక్కడే కదలకుండా ఉంటుంది. వాతావరణం ఒక్కటే చూస్తే, చక్కగా కట్టిన పూడ్చివేత కాల్చడం కంటే మేలనిపించే సందర్భాలున్నాయి. వినడానికి వింతగా ఉన్నా లెక్క అదే. కాల్చడాన్ని సమర్థించేవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు: ఆ వేడి లేకపోతే బట్టీలోనో కరెంటు ప్లాంటులోనో బొగ్గు కాలుతుంది, మురికిపట్టిన సాచెట్లకు వేరే దారి లేదు, రోడ్డు మీద కాలే దానికన్నా ఫిల్టర్లున్న ప్లాంటులో కాలడం నయం. మూడూ నిజాలే. మొదటిది మాత్రం గ్రిడ్‌లోకి సోలార్, గాలి కరెంటు పెరిగేకొద్దీ బలహీనపడుతుంది. పైగా ఒకసారి కట్టిన ప్లాంటుకు పాతికేళ్లపాటు మేత కావాలి.

ఈ మధ్య ఎక్కువగా వినపడేది రసాయన రీసైక్లింగ్. అందులో ముఖ్యమైన పైరాలిసిస్‌లో ప్లాస్టిక్‌ను గాలి తగలకుండా 400 డిగ్రీలకు పైగా వేడిచేసి నూనెగా మారుస్తారు. ఆ నూనె తిరిగి పెట్రోకెమికల్ ప్లాంటుకు వెళ్లి కొత్త ప్లాస్టిక్ కావచ్చు, లేదా ఇంధనంగా కాలిపోవచ్చు. మొదటిది రీసైక్లింగ్, రెండోది కాస్త చుట్టూ తిరిగొచ్చిన కాల్చడమే. కడిగి కరిగించడానికి లొంగని కవర్లకు ఇది దారి చూపిస్తుందని అనుకూలురు అంటారు. శక్తి ఎక్కువ తింటుంది, పీవీసీ, పెట్ కలిస్తే యంత్రాలు పాడవుతాయి, కొంతభాగం గ్యాసుగా, బొగ్గుగా పోతుంది అని విమర్శకులు అంటారు. ఇద్దరూ చెప్పేది కరెక్టే.

అసలు పేచీ 'మాస్ బ్యాలెన్స్' అనే లెక్కలో ఉంది. ప్లాంటులోకి ముడిచమురు నుంచి వచ్చే నాఫ్తా అనే ముడిసరుకు 95 టన్నులు, 5 టన్నుల పైరాలిసిస్ నూనె వెళ్లాయనుకుందాం. రెండూ కలిసిపోతాయి, ఏ అణువు ఎటు పోయిందో ఎవరూ చెప్పలేరు. తరుగు పక్కనపెడితే, ఆ 5 టన్నులను కాగితం మీద ఒకే సరుకుకు కేటాయించి, 5 టన్నుల ప్యాకెట్ల మీద '100 శాతం రీసైకిల్డ్' అని వేసుకోవచ్చు. గ్రీన్ కరెంటు కొన్నవాళ్ల తీగలోనూ బొగ్గు కరెంటు కలిసే వస్తుంది కదా అన్నది ఒక వాదం. నా చేతిలోని ప్యాకెట్‌లో అసలేముందో చెప్పండి అన్నది కొనేవాడి ప్రశ్న.

## ప్లాస్టిక్ మానేసి గుడ్డసంచి పట్టుకుంటే?

2018లో డెన్మార్క్ పర్యావరణ సంస్థ సంచుల మీద చేయించిన అధ్యయనం చాలామందిని ఇరుకున పెట్టింది. పల్చటి ప్లాస్టిక్ కవర్‌ను చివరికి చెత్తబుట్టలో వేసే సంచిగా వాడుకుంటామనుకుంటే, వాతావరణం విషయంలో దానితో సమానం కావడానికి మామూలు నూలు సంచిని 52 సార్లు వాడాలి. నీళ్లు, ఓజోన్ పొర లాంటి అన్ని కొలమానాలూ కలిపితే 7,100 సార్లు. ఈ 7,100 అన్నది విపరీతంగా ప్రచారమైంది. రోజూ వాడినా పందొమ్మిదేళ్లు. కానీ ఆ అధ్యయనం రోడ్డు మీద, నీళ్లలో పడే చెత్త వల్ల జరిగే నష్టాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ప్లాస్టిక్ కవర్ మీద ఉన్న ప్రధాన ఫిర్యాదే అది. 52 అన్నది మాత్రం ఏడాదిపాటు వారానికోసారి సంచి పట్టుకెళ్లే ఎవరికైనా అందేదే.

గాజు సీసాదీ దాదాపు ఇదే సంగతి. బరువెక్కువ, కరిగించడానికి 1,500 డిగ్రీల దాకా వేడి కావాలి. ఒకసారి వాడి పగలగొడితే ప్లాస్టిక్ కంటే భారం. కడిగి పదుల సార్లు నింపితే, అదీ దగ్గర దూరాల్లో తిరిగితే, లెక్క తిరగబడుతుంది. పదార్థం పేరు కన్నా ఎన్నిసార్లు వాడతారు, ఎంతదూరం మోస్తారు అన్నవే ముఖ్యం. ప్యాకింగ్ లేక పాడైపోయే తిండినీ మరచిపోకూడదు. తిండి వృథా, నష్టాల వాటా ప్రపంచ గ్రీన్‌హౌస్ వాయువుల్లో 8 నుంచి 10 శాతం. ప్లాస్టిక్ మొత్తం వాటాకు రెండింతలకు పైగా.

'మట్టిలో కలిసిపోయే' సంచుల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. బయోడిగ్రేడబుల్ అంటే ఎప్పటికో ఒకప్పుడు సూక్ష్మజీవులు తినగలవని. ఎంతకాలానికి, ఎక్కడ అన్నది ఆ మాటలో లేదు. కంపోస్టబుల్ అంటే నిర్ణీత వేడి, తేమ ఉన్న కంపోస్టు కేంద్రంలో నిర్ణీత కాలంలో కుళ్లుతుందని. ఆ కేంద్రంలో వేడి సుమారు 58 డిగ్రీలు, పెరట్లో అంత రాదు. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో, మూడేళ్లు మట్టిలో, సముద్రంలో ఉన్న బయోడిగ్రేడబుల్ సంచి బయటికి తీస్తే ఇంకా సామాను మోసింది. కంపోస్టబుల్ సంచి సముద్రంలో మూడు నెలల్లో కనిపించకుండా పోయింది, మట్టిలో మాత్రం 27 నెలల తర్వాత కూడా ఉంది, కాకపోతే బరువు వేస్తే చిరిగిపోయింది.

## ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి?

తొడుగు లేబుల్ ఎంచుకున్నవాడికి తొట్టి దగ్గరి నష్టం తెలియదని పైన చెప్పుకున్నాం. ఆ రెండు చివర్లనూ కలపడానికి పుట్టిన ఆలోచనే 'విస్తరించిన ఉత్పత్తిదారు బాధ్యత', పొడి అక్షరాల్లో ఈపీఆర్. స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో ఈ పేరు పెట్టారు. ప్యాకేజింగ్ మార్కెట్లోకి వదిలే కంపెనీయే దాన్ని సేకరించి శుద్ధిచేసే ఖర్చు భరించాలన్నది సారం. 1991లో జర్మనీ ప్యాకేజింగ్ మీద దీన్ని చట్టంగా తెచ్చింది. బరువును బట్టి ఒకే ఫీజు వేస్తే 1 గ్రాము సాచెట్ చవగ్గా తప్పించుకుంటుంది. రీసైకిల్ చేయడం ఎంత కష్టమైతే ఫీజు అంత పెంచే పద్ధతి అందుకే వచ్చింది. కంపెనీలు ఆ ఖర్చును సరుకు ధరలో కలిపి కొనేవాళ్ల మీదే వేస్తాయన్నది ఒక విమర్శ. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు, పన్ను రూపంలోనో పొగ రూపంలోనో అన్నది దానికి జవాబు.

సీసాల విషయంలో ఇంతకన్నా సూటిగా పనిచేసింది డిపాజిట్ పద్ధతి. కొన్నప్పుడు కాస్త అదనంగా కడతారు, ఖాళీ సీసా తెచ్చిస్తే అది తిరిగొస్తుంది. లిథువేనియాలో 2016లో ఇది మొదలైనప్పుడు తిరిగొచ్చే సీసాలు మూడో వంతు ఉండేవి. రెండేళ్లలో 90 శాతం దాటాయి. ఆ తేడా ఎంత పెద్దదో చూడండి. ప్రతి విడతలో 60 శాతం పదార్థం తిరిగొస్తే ఒక కిలో పెట్ మొత్తం మీద రెండున్నర కిలోల సీసాల పని చేస్తుంది. 90 శాతం తిరిగొస్తే పది కిలోల పని చేస్తుంది. కడగడంలో పోయే తరుగు వల్ల నిజజీవితంలో ఇంత రాదు, కానీ 60కి 90కి మధ్య ఉన్నది సగమంత తేడా కాదు, నాలుగింతలు. ఈ పద్ధతి సాచెట్‌కు పెట్టడం కష్టం. గ్రాము బరువున్న జిడ్డు ప్యాకెట్‌ను జేబులో పెట్టుకుని ఎవరు తిరిగి తెస్తారు?

## జెనీవాలో తెగని ముడి

ఇప్పుడు ఆ ఒప్పందం దగ్గరికి వద్దాం. నార్వే, రువాండా ముందుండి నడిపిన కూటమి అసలు ఉత్పత్తినే తగ్గించాలంటోంది. సౌదీ అరేబియా, రష్యా, ఇరాన్ లాంటి చమురు దేశాలు ఒప్పందం చెత్త నిర్వహణకే పరిమితం కావాలంటున్నాయి.

మొదటి పక్షం బలం ఓఈసీడీ అంచనాల్లో కనిపిస్తుంది. ఇప్పటి పోకడే కొనసాగితే 2060కి ఏటా వచ్చే ప్లాస్టిక్ చెత్త 101.4 కోట్ల టన్నులకు చేరుతుంది, రీసైక్లింగ్ వాటా 9 నుంచి 17 శాతానికి పెరుగుతుంది. 2019లో రీసైకిల్ కాకుండా మిగిలింది 35.3 కోట్లలో 91 శాతం, అంటే 32 కోట్ల టన్నులు. 2060లో మిగిలేది 101.4 కోట్లలో 83 శాతం, అంటే 84 కోట్ల టన్నులు. రీసైక్లింగ్ రేటు దాదాపు రెట్టింపైనా మిగిలే కుప్ప రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుంది.

రెండో పక్షం వాదనలో స్వార్థం ఉన్నా పస లేకపోలేదు. ఉత్పత్తికి పరిమితి పెడితే పేద దేశాల్లో మందుల ప్యాకింగ్, సిరంజి, పైపులే ముందు ఖరీదవుతాయని వాళ్లు అంటారు. ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా చెత్త ఎత్తే ఏర్పాటే లేదు, తగలబెట్టడం ఆగాలంటే ముందు బండి రావాలి అన్నది కూడా నిజమే. ఈ రెంటిలో ఒకటే ఎంచుకోవాలని ఏ లెక్కా చెప్పడం లేదు. చర్చల గదిలో మాత్రం అందరి ఆమోదం ఉంటే తప్ప ఏ వాక్యమూ ముందుకు కదలడం లేదు.

ఈలోగా చిన్న చిన్న నియమాలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. 2024 జులై నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పానీయాల సీసాల మూత తిప్పినా ఊడిరాదు, మెడకు వేలాడుతూ ఉంటుంది. తాగేటప్పుడు ముక్కుకు తగులుతోందని జనం విసుక్కున్నారు. తీరాల్లో ఏరే చెత్తలో మూతలు ఎప్పుడూ ముందు వరుసలో ఉండేవి. ఇప్పుడు సీసా ఎటు వెళితే మూత కూడా అటే వెళుతుంది, తొట్టి దాకా.